బండి లాగడం లేదు, పెట్రోలు తాగుతోంది

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం కారు డ్రైవర్లు, పాత కార్ల యజమానులు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక సీనియర్ మెకానిక్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో డ్రైవరన్నలు కూర్చున్నారు, వెనక పిల్లలు నిలబడ్డారు. అబ్బీ, ఇక్కడ ఖాళీ కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి. రెండు మూడు కొలతలు చెప్తాను, రాసుకోవాలి. నిలబడి ఎట్లా రాస్తారు?

నేను 1987లో షెడ్డులో చేరాను. అప్పుడు నా పని స్పానర్లు కిరోసిన్‌లో కడగడం, టీ తేవడం. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా దగ్గరికి ఎక్కువగా వచ్చే మాట ఒకటే. "అన్నా, బండి లాగడం లేదు, పెట్రోలు తాగుతోంది." అంబాసిడర్ వచ్చినప్పుడు అదే మాట. మారుతి 800 వచ్చినప్పుడు అదే మాట. నిన్న సాయంత్రం ఒక పాత శాంత్రో వచ్చింది, అదే మాట.

మిమ్మల్ని అడుగుతున్నాను. ఇది ఒక జబ్బా, రెండా? అందరూ ఒకటే అనుకుంటారు. కాదు. బండి లాగకపోవడం ఒకటి, పెట్రోలు తాగడం ఇంకొకటి. రెండూ కలిసి రావచ్చు, వేరువేరుగానూ రావచ్చు. లాగుడు బాగానే ఉండి మైలేజ్ మాత్రం పడిపోయిందంటే ఒక దారి. మైలేజ్ పెద్దగా మారలేదు గానీ మిట్ట ఎక్కేటప్పుడు చచ్చిపోతోందంటే ఇంకో దారి. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు ఇదే అడుగుతాను, బానెట్ తర్వాత.

ఇంట్లో డబ్బు చాలడం లేదనుకోండి. ఏం చూస్తాం? సంపాదన తగ్గిందా, ఖర్చు పెరిగిందా? బండి కూడా అంతే. ఇంజన్ సంపాదించడం లేదా? లేక ఇంజన్ సంపాదిస్తూనే ఉంటే చక్రానికి చేరేలోపు దారిలో ఎవరన్నా తింటున్నారా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా హెడ్డు, అంటే ఇంజన్ పై భాగం, దించే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు అదే బాపతు, ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు లెక్క. "మైలేజ్ తగ్గిందని నీకెట్లా తెలిసింది?" అని అడుగుతా. "ఇంతకుముందు ఐదొందలు కొట్టిస్తే నాలుగు రోజులు వచ్చేదన్నా, ఇప్పుడు మూడు రోజులకే అయిపోతోంది" అంటారు. ఇది లెక్కా? ఆ మూడు రోజులూ ఎక్కడ తిరిగావు? ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం ఇరుక్కున్న అరగంటను, మైదుకూరు రోడ్డులో టాప్ గేర్లో పోయిన అరగంటను ఒకే గాటన కడితే ఎట్లా?

ట్యాంకు నిండా కొట్టించండి. బంకులో గన్ను దానంతటదే టక్కుమని ఆగుతుంది. అక్కడ ఆపేయండి. రౌండు ఫిగర్ కోసం ఇంకో రెండుసార్లు నొక్కించొద్దు. ఇంజెక్షన్ బండ్లలో, అంటే కంప్యూటరు లెక్కచూసి పెట్రోలు చిమ్మే బండ్లలో, ట్యాంకు ఆవిరి పట్టుకోవడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అంచుదాకా పోస్తే పెట్రోలు అందులోకి పోయి ఆ బొగ్గు తడిసిపోతుంది. తర్వాత స్టార్టింగ్ ట్రబులు, పెట్రోలు వాసన, మళ్లీ నా దగ్గరికే వస్తారు. సరే, టక్కుమన్నాక ట్రిప్ మీటరు సున్నా చేయండి. 300 కిలోమీటర్లు తిరగండి. అదే బంకు, వీలైతే అదే పంపు, మళ్లీ టక్కుమనేదాకా. 312 కిలోమీటర్లు తిరిగారు, 24 లీటర్లు పట్టింది, అంటే 13. ఇట్లా మూడు ట్యాంకులు చూడండి. ఒక్క ట్యాంకు లెక్కతో నా దగ్గరికి రావద్దు.

లెక్కలోనే ఇంకో మోసం ఉంది. ప్రొద్దుటూరు నుంచి ఒకాయన 800 తీసుకొచ్చాడు. పికప్ తగ్గింది, మైలేజ్ తగ్గింది, రెండూ ఒకేసారి. నాలుగు నెలల నుంచి తిరుగుతున్నాడు. ప్లగ్గులు మార్చారు, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ కడిగారు, పెట్రోలు పంపు మార్చారు. నేను చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. "టైర్లు ఎప్పుడు మార్చావు?" అన్నాను. "నాలుగైదు నెలలైంది, ఆల్టో సైజు వేయించాను, గుంతల్లో నేలకు తగలకుండా ఉంటుందని." మీకు అర్థమైందా? 800కి కంపెనీ ఇచ్చింది 145/70 ఆర్12. ఆల్టోది 145/80 ఆర్12. రిమ్ము అదే, టైరు మాత్రం ఎత్తు. లెక్కేస్తే మొత్తం చక్రం వ్యాసం దాదాపు ఐదున్నర శాతం పెరుగుతుంది. బండి నిజంగా వంద కిలోమీటర్లు పోతే మీటరు 95 దగ్గర చూపిస్తుంది. పెట్రోలు నిజమే, కిలోమీటర్లు అబద్ధం! పైగా చక్రం పెద్దదైతే గేరు కూడా పొడుగైనట్టే, లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. ఇంజనుకు ఏ జబ్బూ లేదు. ఆయనకు నేను చేసిన రిపేరు ఏమిటంటే, కాగితం మీద ఒక గుణకారం.

ఇప్పుడు పెడలు. నవ్వకండి. కీ ఆఫ్ చేసి, ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఇంకొకరు బానెట్ తెరిచి థ్రాటిల్, అంటే ఇంజనులోకి గాలి వదిలే తలుపు, పూర్తిగా తెరుచుకుంటోందా లేదా చూడండి. పాత బండ్లలో కేబుల్ సాగి ఉంటుంది. పెడలు నేలకు తగులుతుంది, అక్కడ థ్రాటిల్ ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. ఒక బండిలో కేబుల్ బాగానే ఉంది, పెడల్ కింద మ్యాట్లు మూడున్నాయి. కంపెనీ మ్యాటు, దాని మీద రబ్బరుది, దాని మీద ఇంటావిడ వేసిన గడ్డి మ్యాటు. అయ్యా, ఇంజన్ బోరుకు, అంటే సిలిండర్లు చెక్కించడానికి, అరవై వేలు ఎస్టిమేటు వేయించుకుని వచ్చాడాయన! కార్బురేటర్ బండ్లలో దీనికి తోడు చోక్ కేబుల్. తోసినా సగంలో పట్టుకుని ఉంటుంది. రోజంతా చోక్‌తో తిరిగితే పెట్రోలు తాగక ఏం చేస్తుంది? ప్లగ్గు విప్పితే మసి కాటుకలాగా ఉంటుంది.

ఇక దారిలో తినేవాళ్ల సంగతి. మొట్టమొదటి దొంగ బ్రేకు. మిట్ట మీద కాదు, చదునైన నేల మీద బండి పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు దించి, ఒక మనిషి తోయండి. చిన్న బండి అయితే ఒక్కరు తోస్తే కదలాలి. కదిలాక కాస్త దూరం దానంతటదే దొర్లాలి. తోపు ఆపగానే ఆగిపోయిందంటే ఎవరో పట్టుకున్నారు. ఎవరు? దానికి ఇంకో పరీక్ష. రింగ్ రోడ్డు మీద పది కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ పోయి, చివర్లో మెల్లగా ఆపండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. అబ్బీ, డిస్కును ముట్టుకోమనడం లేదు, చర్మం ఊడుతుంది. రిమ్ముకు బెత్తెడు దూరంలో చేతి వెనకవైపు పెడితే చాలు. మూడు చక్రాలు గోరువెచ్చగా, ఒకటి పెనంలాగా ఉందంటే దొరికాడు. ముందు చక్రమైతే బ్రేకు ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ఇరుక్కుని ఉంటాయి. విప్పి, శుభ్రం చేసి, దానికి వేసే గ్రీజు వేసి బిగిస్తే పోతుంది. వెనక చక్రమైతే ఎక్కువసార్లు హ్యాండ్‌బ్రేకు కేబులే. గొట్టంలోకి నీళ్లు దిగి తుప్పుపట్టి, లివరు దించినా అది వదలదు.

టైర్లలో గాలి గురించి చెప్పాలా? డ్రైవర్ పక్క డోరు దగ్గర స్టిక్కరు ఉంటుంది, ఎన్ని పాయింట్లో రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో "ఎంత పెట్టమంటావన్నా" అంటే "అందరికీ పెట్టేదే పెట్టు" అనకండి. అంతే, ఎక్కువ చెప్పను.

క్లచ్. ఇది తేలిగ్గా దొరుకుతుంది. నాలుగో గేర్లో 40 మీద పోతూ యాక్సిలరేటరు ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పైకి పోతోంది, బండి మాత్రం అక్కడే ఉంది, అట్లా అయితే క్లచ్ జారుతోంది. సంపాదించింది మొత్తం క్లచ్ ప్లేటు కాల్చి పారేస్తోందన్న మాట. పాత 800లో ఆర్‌పీఎం మీటరు, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది, ఉండదు, చెవే మీటరు. ఏసీ వేసుకుని మ్యూజిక్ పెట్టుకుని ఈ పరీక్ష చేయొద్దు.

ఇప్పటిదాకా చెప్పిన దాంట్లో ఒక్కటన్నా ఇంజన్ విప్పేది ఉందా? లేదు. వీటన్నిటికీ ఒక పూట చాలు. ఇవన్నీ అయ్యాకనే ఇంజన్ సంపాదిస్తోందా లేదా అని చూడాలి.

ఇంజన్ సంపాదించాలంటే ఏం కావాలి? పిల్లలూ, మీరు చెప్పండి. గాలి రావాలి. పెట్రోలు రావాలి. రెండూ కలిసింది బాగా నలగాలి, అంటే కంప్రెషన్. సమయానికి నిప్పు పడాలి. ఇక? ఐదోది ఎవరూ చెప్పరు. కాలింది బయటికి పోవాలి! ఎప్పుడు అడిగినా నాలుగు దగ్గర ఆగిపోతారు. నేను కూడా ఆ ఐదోది మర్చిపోయే దెబ్బతిన్నాను.

గాలితో మొదలుపెడదాం. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్తే బాగా తెలుస్తుంది. ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి. ఎండాకాలం మన వీధుల్లోకి ట్రాక్టర్ నీళ్ల ట్యాంకర్లు వస్తాయి కదా, అట్లాంటి ట్యాంకర్లు రెండు నిండా గాలి. అదంతా ఎయిర్ ఫిల్టర్ అనే ఆ కాగితం మడతల్లో నుంచి పోవాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర తిరిగే బండికి ఫిల్టర్ ఎన్నాళ్లుంటుంది? పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మన దుమ్ముకు వర్తించవు. సగానికే తీసి చూడండి.

ఇక్కడ ఒక తేడా ఉంది, రాసుకోండి. కార్బురేటర్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. లాగుడూ పోతుంది, మైలేజూ పోతుంది. ఇంజెక్షన్ బండిలో కంప్యూటరు వచ్చిన గాలిని చూసి దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుంది. అందుకని లాగుడు పోతుంది గానీ మైలేజ్ పెద్దగా పోదు. కాబట్టి ఇంజెక్షన్ బండి యజమాని "మైలేజ్ లేదు" అని వస్తే, ఎయిర్ ఫిల్టర్ మార్చి "ఇక చూడన్నా" అని పంపించే మెకానిక్కు ఆ రోజుకు తప్పించుకున్నాడంతే. ఇంకోటి, గాలి మిషనుతో ఫిల్టర్ ఊదేటప్పుడు లోపలి నుంచి బయటికి, మెల్లగా ఊదండి. బయటి నుంచి ఊదితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది.

మే నెలలో నాకు బండ్లు ఎక్కువ వస్తాయి, "ఎండ వచ్చింది, బండి మొద్దుబారింది" అంటారు. కొంత నిజమే. 25 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి ఆరేడు శాతం పల్చన. అన్ని లీటర్ల గాలీ లోపలికి పోతుంది గానీ అందులో సరుకు తక్కువ. పైన ఏసీ కంప్రెసరు. చిన్న ఇంజనుకు అది పెద్ద బరువే. కడప ఎండలో, ఏసీ వేసుకుని, ఐదుగురు కూర్చుని 800 సీసీ బండి లాగడం లేదంటే, నాయనా, అది జబ్బు కాదు.

మన వైపు ఉన్న ఒక చెడ్డ అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా దాని నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపేది. మనవాళ్లు వాల్వు అంటారు. బండి ఒకసారి హీటెక్కిందనుకోండి, "అన్నా, మన ఎండలకు ఈ వాల్వు ఎందుకు, పీకేద్దాం" అని పీకి పారేస్తారు. హీట్ తగ్గుతుంది, అందరికీ సంతోషం. తర్వాత ఏమవుతుంది? ఇంజన్ సరైన వేడికి రావడమే ఆలస్యం. చల్లగా ఉన్న ఇంజనుకు కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది దాని పని. సెన్సర్ "ఇంకా చల్లగా ఉంది, ఇంకా చల్లగా ఉంది" అంటూనే ఉంటుంది, అది పోస్తూనే ఉంటుంది. చిన్న చిన్న దూరాలు తిరిగే బండి అయితే జీవితమంతా చలికాలమే దానికి! ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది నూనెను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. హీటెక్కితే రేడియేటర్ చూడు, ఫ్యాన్ తిరుగుతోందా చూడు, కూలెంట్ ఉందా చూడు. వాల్వు ఏం పాపం చేసింది?

ఉందో లేదో తెలుసుకోవడానికి విప్పాల్సిన పని లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టుకుని నిలబడండి. ఫ్యాను దగ్గర వేళ్లు జాగ్రత్త, లుంగీ అంచు, మెడలో టవలు జాగ్రత్త. వాల్వు బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉంటుంది. ఇంజన్ 80 డిగ్రీలు దాటాక వాల్వు తెరుచుకుంటుంది, అప్పుడు గొట్టం తొందరగా వేడెక్కుతుంది. అట్లా కాకుండా మొదటి నిమిషం నుంచే కొంచెం కొంచెంగా వెచ్చబడుతోందంటే, లోపల వాల్వు లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది.

నిప్పు. మూడు సిలిండర్ల బండిలో ఒకటి పని చేయకపోతే మూడోవంతు పోయినట్టే. స్లోలో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా వదిలేసినప్పుడు, వణుకుతుంది, అది అందరికీ తెలుస్తుంది. తెలియనిది ఏమిటంటే, స్లోలో బాగుండి లోడు పడ్డప్పుడు మాత్రమే మిస్సయ్యేది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే ప్లగ్గు కొన దగ్గర నిప్పు దూకడం కష్టం, వైరు చిట్లి ఉంటే అది సులువు దారి చూసుకుని బయటికి పారిపోతుంది. రాత్రి, లైట్లన్నీ ఆపేసి, బానెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుంటే చూడండి. చిట్లిన వైరు పక్కన నీలం చుక్కలు గంతులేస్తుంటాయి. కరెంటు పోయిన రాత్రి అయితే మరీ బాగా కనిపిస్తుంది. పాత మెకానిక్కులు ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూస్తారు, ఏది పీకితే తేడా రాదో అది చచ్చిందని. కార్బురేటర్ బండికి సరే. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి అట్లా చేయొద్దు, కాలని పెట్రోలు పోయి కన్వర్టర్‌లో మండుతుంది. దానికి ఇంజెక్టర్ సాకెట్ పీకి చూడాలి.

ఇక కన్వర్టర్, సైలెన్సర్. ఐదోది. నా కథ.

చాలా ఏళ్ల కిందట రాయచోటి నుంచి ఒక మాస్టారు 800 తీసుకొచ్చారు. కడప నుంచి ఇంటికి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం లేదు. చదునులో 60 దాకా బాగానే పోతుంది, ఘాట్ మొదలవగానే థర్డ్, సెకండ్, చివరికి ఫస్ట్. నేను చెవి పెట్టి విన్నాను. పెద్ద డాక్టరులాగా "ఇంజన్ హెడ్డులో వాల్వులు పోయాయి సార్" అన్నాను. హెడ్డు దించాను, వాల్వులు గ్రైండ్ చేయించాను, కొత్త గ్యాస్కెట్ వేశాను. విప్పే ముందు కంప్రెషన్ కొలిచానా? లేదు. గేజీ ఎక్కడుంది? నా వెనక గోడకు మేకు మీద వేలాడుతోంది! ఆయన డబ్బు రెండు నెలల్లో రెండు సార్లుగా ఇచ్చారు. బండి పోయింది. వారానికి తిరిగొచ్చింది. అదే ఘాట్, అదే మలుపు. కార్బురేటర్ విప్పాను. మళ్లీ వచ్చింది. టైమింగ్ అడ్వాన్స్ అన్నాను, పాయింట్ అన్నాను, ఏవేవో అన్నాను.

మూడోసారి వచ్చిన రోజు షెడ్డులో కొత్తగా చేరిన పిల్లవాడు బండి కడుగుతున్నాడు. ఇంజన్ ఆన్‌లో ఉంది. వాడు తడి చెయ్యి సైలెన్సర్ వెనక పెట్టి, "అన్నా, దీంట్లో నుంచి గాలి రావడం లేదే, పక్క బండికి బుస్సుమని వస్తోంది" అన్నాడు. నాకు ఒళ్లు జల్లుమంది. చల్లారాక ముందు పైపు జాయింట్ వదులు చేసి రోడ్డు మీదికి తీసుకుపోయాను. ట్రాక్టర్ మోత, కానీ లాగుడు, అబ్బ! ఆ సైలెన్సర్ కోసి చూస్తే లోపలి రేకు తుప్పుపట్టి ఊడి, దారికి అడ్డంగా మూతలాగా పడి ఉంది. కొద్దిగా తొక్కితే సందుల్లో నుంచి పొగ పోతోంది. ఎక్కువ తొక్కితే పోలేదు. పాతది బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి ఎట్లా వస్తుంది? హెడ్డుకు అయిన ఖర్చులో సైలెన్సర్ ఒక మూలకు రాదు. హెడ్డు డబ్బు తిరిగిస్తానంటే మాస్టారు తీసుకోలేదు. సైలెన్సర్ డబ్బు నేను తీసుకోలేదు. తర్వాతి వారం గువ్వలచెరువులో ఆగి పాలకోవా తెచ్చిచ్చారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది, ఆ కోవా గొంతు దిగలేదు నాకు.

అప్పుడు కొన్నాను వాక్యూమ్ గేజీ, ఇంజన్ గాలి పీల్చే బలాన్ని కొలిచేది. పిల్లలూ, మొదటి జీతంతో కొనుక్కోండి, అంత ఖరీదు కూడా కాదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డుకు, అంటే ఇంజనులోకి గాలి పోయే గొట్టానికి, తగిలించి, ఇంజన్ వేడి మీద స్లోలో చూస్తే ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. ఎత్తు పెరిగితే తగ్గుతుంది, హార్స్‌లీ కొండల మీద ఇదే బండి నాలుగు అంగుళాలు తక్కువ చూపిస్తుంది, కంగారుపడొద్దు. ఇప్పుడు రేజ్ చేసి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోండి. ముల్లు ఒకసారి పడి, లేచి, నిలబడితే దారి బాగుంది. లేచాక మెల్లమెల్లగా కిందికి జారిపోతూ ఉంటే వెనక మూసుకుపోయింది, సైలెన్సరో కన్వర్టరో. ముల్లు వణుకుతూ ఉంటే వాల్వుల మీద అనుమానం. మొదటి నుంచీ తక్కువలో నిలబడితే గాలి లీకో, టైమింగ్ తప్పడమో. టైమింగ్ బెల్టు ఒక్క పన్ను జారినా బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, లాగదు.

పెట్రోలు సరిగా అందకపోయినా ఘాట్లోనే తెలుస్తుంది. మెల్లగా పోతే బాగుంటుంది, గట్టిగా తొక్కితే ఎగిరెగిరి పడుతుంది. ఫిల్టర్ జామో, పంపు ముసలిదో. చాలా ఇంజెక్షన్ బండ్లలో మూడు బార్ దగ్గర ప్రెషర్ ఉండాలి. బండి నిలబెట్టి చూస్తే సరిపోదు, లోడు మీద చూడాలి.

అన్నీ అయ్యాక కంప్రెషన్. ఇంజన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసేసి, ప్లగ్గులకు పోయే కరెంటు, పెట్రోలు ఆపేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, నాలుగైదు తిప్పులు సెల్ఫ్ కొట్టాలి. మామూలుగా పెట్రోలు బండికి 150 నుంచి 180 పాయింట్లు వస్తాయి. అంకె ఎంతన్నది ఒకటి, సిలిండర్ల మధ్య తేడా ఇంకొకటి. 170, 165, 110 వచ్చిందనుకోండి. ఆ మూడోదాంట్లో ప్లగ్గు రంధ్రం నుంచి ఒక స్పూను ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలవండి. 150కి లేచిందా? నూనె రింగుల సందు మూసింది, అంటే రింగులు అరిగాయి. లేవలేదా? వాల్వు కూర్చోవడం లేదు, లేకపోతే గ్యాస్కెట్. ఒక్క స్పూను ఆయిల్‌తో తేలే విషయం ఇది. "బోరు చేయించాలి" అని ఎవరన్నా అంటే, "కంప్రెషన్ ఎంత వచ్చిందన్నా, నా ముందు చూపించు" అనండి. కోపం వస్తుంది, రానీ.

బండి కంప్యూటరుకు తగిలించి తప్పులు చదివే స్కానర్ సంగతి అడుగుతారని తెలుసు. మంచిదే, నా దగ్గరా ఉంది. కానీ అది చెప్పేదేమిటి? "మిశ్రమంలో గాలి ఎక్కువైంది" అని కోడు వస్తుంది. ఆ మాట చెప్పింది పొగలో ఆక్సిజన్ చూసే ఆక్సిజన్ సెన్సర్. మనవాళ్లు ఏం చేస్తారు? ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు! వాకిట్లో దొంగ ఉన్నాడని కుక్క మొరిగితే కుక్కను మారుస్తామా? వాక్యూమ్ గొట్టం ఎక్కడో చిట్లి ఉంటుంది, పది రూపాయల ముక్క.

డీజిల్ వాళ్లు నన్ను చూస్తున్నారు, మాకేమీ చెప్పలేదే అని. మీకు ప్లగ్గులు లేవు, థ్రాటిల్ గొడవ తక్కువ, మిగతా అంతా అదే. మీ వరకు ముందు డీజిల్ ఫిల్టర్, తర్వాత టర్బో నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాలు. నల్ల పొగ, లాగుడు లేదు, లోడు మీద స్‌స్‌స్ అని శబ్దం, అంటే గొట్టం చిట్లింది. డీజిల్ చిమ్మే నాజిళ్ల మీదికి పోయేది ఆ తర్వాతే.

ఆ వెనక పెద్దాయన చెయ్యెత్తారు. ఇథనాల్ సంగతా? అడుగుతారని అనుకుంటూనే ఉన్నాను. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలంటే 20 శాతం ఇథనాల్ కలిసిందే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. 20లో మూడోవంతు, ఆరేడు శాతం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలో కూడా, స్వచ్ఛమైన పెట్రోలుకు తయారైన పాత కార్లకు ఆరేడు శాతం మైలేజ్ తగ్గుతుందనే ఉంది. కానీ అంతకుముందే 10 శాతం కలుపుతున్నారు కదా, దాంతో పోలిస్తే తేడా మూడు నాలుగు శాతమే. 13 ఇచ్చే బండికి అర కిలోమీటరు. సార్, మీది 16 నుంచి 11కి పడిందన్నారు. ఆ ఐదూ ఇథనాల్ తినలేదు. ఎవరో ఇంకొకరున్నారు. ఇథనాల్ వల్ల పాత బండ్లకు నా భయం వేరే ఉంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు తెస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండిలో తేమ చేరితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున చేరతాయి. కార్బురేటర్ బండ్లున్నవాళ్లు పెట్రోలు గొట్టాలు ఈ ఏడే మార్చించండి. మైలేజ్ కోసం కాదు, బండికి మంట అంటుకోకుండా ఉండటం కోసం.

సార్, మీ బండి ఏది? 2004 శాంత్రో. పొద్దున పూట ఎక్కువ తాగినట్టుందా, రోజంతానా? స్కూలుకు, మార్కెట్టుకు, అంతే తిరుగుతారా? టెంపరేచర్ ముల్లు సగానికి వస్తుందా, కిందనే ఉంటుందా? కిందనే ఉంటుందా! ఎప్పుడన్నా హీటెక్కిందా, ఎవరి దగ్గరన్నా చూపించారా? రెండేళ్ల కిందటా? సరే. నేనిప్పుడే ఏమీ అనను, ఒకసారి అని దెబ్బతిన్నాను కదా. రేపు పొద్దున మీరు బండి స్టార్ట్ చేయొద్దు. నా దగ్గరికి తోలుకొస్తే వేడెక్కిపోతుంది, పరీక్ష చెడుతుంది. ఇల్లు చిన్నచౌకు దగ్గరే అన్నారు, ఆరున్నరకు నేనే వస్తాను. పై గొట్టం మీద చెయ్యి మీరే పెడుదురు గానీ.